తీగ మీద తొమ్మిది పేజీలు

ఆ హాల్లో ఒక చట్టం ఉంది. రెండువైపులా నిండితే తప్ప ఏ కాగితమూ చెత్తబుట్ట మొహం చూడకూడదు. ఒకవైపే అచ్చయిన కాగితం ఎవరింట్లో ఉన్నా, ఏ ఆఫీసులో ఉన్నా, చివరికి కిటికీ పక్కనున్న వెదురు బుట్టలోకి చేరాలి. అక్కణ్ణుంచి పిల్లల చేతుల్లోకి వెళ్ళి, వెనకవైపున ఏ ఏనుగునో విమానాన్నో మోయాలి. ఈ చట్టం ప్రభుత్వం చేసింది కాదు, కత్తెరత్త చేసింది. ప్రభుత్వం చేసిన చట్టాల్ని మనం ఎంతో కొంత అటూ ఇటూ లాగుతాం గాని, కత్తెరత్త చట్టం దాటినవాడు ఆ హాల్లో ఇంతవరకు పుట్టలేదు. కొంప ముంచబోయింది ఆ చట్టమే.

హాలంటే పెద్దగా ఊహించుకోకండి. ఒకప్పుడది సైకిళ్ళ దుకాణం. ముందు పైకెత్తే షట్టరు, వెనక సందులోకి ఒక తలుపు, గోడల మీద ఎన్ని సున్నాలు వేసినా పోని టైర్ల మరకలు. బడి మూడింటికి వదిలేస్తుంది. అమ్మలూ నాన్నలూ పనుల నుంచి వచ్చేసరికి ఆరున్నర. ఆ మధ్యనున్న మూడున్నర గంటలు ముప్పై నలుగురు పిల్లలు ఇక్కడ పాలు తాగుతారు, హోంవర్కు చేస్తారు, కొట్టుకుంటారు, ఎందుకు కొట్టుకున్నారో మరిచిపోయి మళ్ళీ కలుస్తారు.

దీన్ని నడిపేది పిన్ని. ఆమె అసలు పేరు లైసెన్సు కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించదు. పిల్లలకు పిన్ని, పిల్లల తల్లులకు పిన్ని, ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడైన పాలవాడికీ పిన్నే. ఆమెకు సాయం ఇద్దరు. ఒకరు ఆమె ఆడపడుచు. ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. మెడలో టేపు, నడుముకు కత్తెర లేకుండా ఆవిణ్ణి ఎవరూ చూడలేదు. కత్తెరత్త అన్న పేరు పిల్లలు పెట్టిందే. రెండోవారు మాస్టారు. బడిలో డ్రిల్లు నేర్పి రిటైరయ్యారు గాని, మెళ్ళోని విజిలు మాత్రం రిటైరు కాలేదు.

పిన్నికి ఆ హాలంటే ప్రాణం. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ మిల్లులో పనికి వెళ్తూ ఇంటి తాళంచెవి దారానికి కట్టి మెళ్ళో వేసేది. బడి నుంచి వచ్చి, తాళం తీసుకుని, లోపల గడియ పెట్టుకుని, అమ్మ వచ్చేదాకా ఒక్కతే కూర్చునేది. చీమ చిటుక్కుమన్నా గుండె దడదడలాడేది. అమ్మ మీద ఆమెకు ఎన్నడూ కోపం రాలేదు. వచ్చిందల్లా ఆ ఖాళీ గది మీదే. ఆ కోపం పెరిగి పెద్దదై, పదకొండేళ్ళ కిందట ఈ షట్టరు ఎత్తింది.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది. పిల్లల సంరక్షణ కేంద్రాలను చూసే ఆఫీసు నుంచి గుమాస్తా.

"సోమవారం నాలుగింటికి తనిఖీ అండి. మీ లైసెన్సు ఈ నెలాఖరుకి అయిపోతోంది కదా. కొత్త నిబంధనల ప్రకారమే చూస్తారు."

"కొత్తవేంటండీ? పోయినేడాదివి గోడ మీద ఉన్నాయిగా."

"అవి రద్దయిపోయాయమ్మా. సవరించినవి మీకు పంపి పన్నెండు రోజులైంది, తొమ్మిది పేజీలు. ముద్ర ఉన్న ఆ కాపీయే మీ హాల్లో పెట్టాలి. అందినట్టు సంతకం కూడా ఉంది మా దగ్గర." కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. "సంతకం... కత్తెర బొమ్మలా ఉందండి."

పిన్ని ఫోను చెవిదగ్గరే పట్టుకుని హాల్లోకి చూసింది. వెనక తలుపుకు ఆనించి వేసుకున్న కుట్టుమిషను ముందు కూర్చుని, కత్తెరత్త ఎవరిదో చిరిగిన చొక్కా జేబు కుడుతోంది.

"ఇంకో కాపీ ఇప్పించండి."

"దరఖాస్తు పెట్టుకోండి. పదిహేను రోజుల్లో పంపిస్తాం."

"పోనీ కంప్యూటర్లో చూసుకుంటాను."

"అందులో ఇంకా పాతవే ఉన్నాయండి, వచ్చే నెల మారుస్తారు. మా దగ్గరున్న ఒక్క ఫైలూ మేడం తీసుకుని తనిఖీలకు వెళ్ళారు." గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఎర్రపెన్ను మేడం. ఈ నెల్లో మీ చుట్టుపక్కల మిగతా రెండు కేంద్రాలూ మూయించారు. మీదొక్కటే మిగిలింది. కాస్త చూసుకోండి."

పిన్ని ఫోను పెట్టేసింది. ఇదీ మూతపడితే ముప్పై నలుగురు పిల్లలు, ముప్పై నాలుగు తాళంచెవులు. అంతకంటే ముందుకు ఆలోచించడం ఆమె వల్ల కాలేదు.

"వదినా, పన్నెండు రోజుల కింద ఏదైనా కవరొచ్చిందా?"

"ఆ, వచ్చింది. రూల్సే. పోయినేడు పంపినవే మళ్ళీ పంపారు, వాళ్ళకి పనేముంది." కత్తెరత్త పళ్ళతో దారం తుంచింది. "కాగితం మాత్రం భలే ఉందమ్మాయ్. దళసరిగా, తెల్లగా. వెనకంతా ఖాళీ."

ఆ తర్వాత కాగితాలు ఏమయ్యాయో అడగాల్సిన పని లేకపోయింది. ఇద్దరూ ఒకేసారి వెదురు బుట్ట వైపు చూశారు. పిన్ని దాన్ని నేలమీద బోర్లించింది. కరెంటు బిల్లులు, మందుల షాపు చీటీలు, ఎవరో పంచిన కరపత్రాలు. తొమ్మిదింట్లో ఒక్కటీ లేదు.

పిన్నికి గట్టిగా అరవాలనిపించింది. ఆడపడుచు మీద అరిచే అవకాశం, అదీ న్యాయం పూర్తిగా తనవైపే ఉండగా, పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆమెకు మొదటిసారి దొరికింది. కానీ కత్తెరత్త మొహం చూశాక నోరు రాలేదు. ఆవిడ కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుస్తోంది, తుడిచిందే తుడుస్తోంది.

"పిల్లల్నే అడుగుదాం వదినా," అంది పిన్ని.

మూడింటికి పిల్లలు వచ్చారు. సంచులు కొక్కేలకు తగిలించి, పాలగ్లాసులు అందుకుని, ఏదో జరిగిందని పసిగట్టి, మామూలుకంటే కాస్త తక్కువ గోల చేశారు. పిన్ని మధ్యలో నిలబడి అడిగింది. దళసరి కాగితం, ఒకవైపు నిండా అచ్చు, పైన గుండ్రటి ముద్ర. దాని వెనక బొమ్మ వేసిందెవరు?

తొమ్మిది చేతులు లేచాయి. పిన్నికి పోయిన ప్రాణం సగం తిరిగొచ్చింది.

"అవి నాకు కావాలి. రేపు తెచ్చివ్వాలి."

"ఎందుకు?" అంది సందేహం. సందేహమంటే మూడో తరగతి పిల్ల. ఏది చెప్పినా ఆ ఒక్క మాట అడగందే ముద్ద దిగదు కాబట్టి ఆ పేరు. "నా బొమ్మేం చేస్తావు?"

"బొమ్మని ఏం చెయ్యను. వెనక రాసింది కావాలి."

"వెనకేం రాసుంది?"

"అది చూస్తే కదా తెలిసేది."

సందేహం తన సంచి తీసి, పుస్తకంలోంచి కాగితం బయటికి లాగింది. ఒకవైపు తిమింగలం, రెండోవైపు మూడో పేజీ. ఇవ్వబోయి చెయ్యి వెనక్కు తీసుకుంది. "ముందు నాకు చదివి చెప్పు. అర్థమయ్యేలా చెప్పు. అప్పుడిస్తాను."

వాదించే ఓపిక లేక పిన్ని నేలమీద కూర్చుని చదివింది. లోపలికి వచ్చే ప్రతి పెద్దమనిషీ, వాళ్ళెవరైనా సరే, పుస్తకంలో టైము వేసి సంతకం పెట్టాలి. పేరు జాబితాలో లేనివాళ్ళకు పిల్లను అప్పగించకూడదు. వాళ్ళు మేనమామనన్నా, బాబాయినన్నా ఒప్పుకోకూడదు. సందేహం ఏడు ఎందుకులు అడిగింది, ఏడింటికీ జవాబు రాబట్టింది, అప్పుడు కాగితం వదిలింది. అది చూసి మిగతా ఎనిమిదిమందీ తమకూ అదే బేరం కావాలన్నారు. కాగితం లేని పాతికమందీ అలిగారు. మాస్టారు విజిలు ఊది, పేజీకి ముగ్గురు నలుగురు చొప్పున పంచేసి, అందర్నీ పేజీల సొంతదార్లను చేసి గండం గట్టెక్కించారు.

తర్వాతి మూడు రోజులూ కత్తెరత్త కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగింది. బొమ్మలు ఇళ్ళకు వెళ్ళి ఎక్కడెక్కడ స్థిరపడ్డాయో ఒక్కొక్కటే పట్టుకొచ్చింది. మొదటి పేజీ ఫ్రిజ్జు తలుపు మీద దొరికింది. రెండోది ఒక నాయనమ్మ దిండు కింద ఉంది, ఆవిడ దాన్నివ్వడానికి అరగంట మాట్లాడించింది. నాలుగోది ఎనిమిది మడతలై కుంటి బల్ల కాలికింద ఉంటే, ఇంటికి తెచ్చి తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసింది. ఐదోది లెక్కల పుస్తకానికి అట్ట అయింది. ఆరోదాన్ని ఒక పిల్లాడు రెండు చేపలుగా కత్తిరించాడు. కత్తెరత్త ఆ రెంటినీ మిగిలిన ముక్కలతో కలిపి మిషను మీద సన్నటి కుట్టు వేసింది. ఒక్క అక్షరం పోలేదు. ఏడోది ఎవరో అమ్మ ఆల్బంలో భద్రంగా పెట్టింది. తొమ్మిదోది పడవై నీళ్ళ తొట్లో ఈదినా, ఆఫీసు ముద్ర మాత్రం చెక్కు చెదరలేదు.

పేజీ రాగానే పని మొదలు. రెండో పేజీ ప్రకారం పదిహేనుమంది పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండాలి, పొయ్యి దగ్గరున్న మనిషి లెక్కలోకి రాదు. కాబట్టి పాలు మూడింటి లోపే కాచి దించేయాలి. ఐదో పేజీ ప్రకారం మందుల పెట్టెకు తాళం, ఆ తాళంచెవి ఒక పెద్దమనిషి ఒంటిమీదే ఉండాలి. అమ్మ రాసిన చిట్టీ లేకుండా ఏ మందూ వెయ్యకూడదు. కత్తెరత్త తాళంచెవి దారానికి కట్టి టేపు పక్కనే మెళ్ళో వేసుకుంది. ఆ దారం చూసినప్పుడల్లా పిన్నికి ఎక్కడో కలుక్కుమనేది. ఏడో పేజీ ప్రకారం ఏ గుమ్మం దాటినా తలలు లెక్కపెట్టాలి.

చిక్కంతా నాలుగో పేజీతో వచ్చింది. బయటికి రెండు దారులుండాలి, రెండూ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, ప్రమాదం వస్తే లోపలున్న ప్రతి మనిషీ మూడు నిమిషాల్లో బయటపడాలి. రెండో దారికి అడ్డంగా ఉన్నది కత్తెరత్త మిషను. సందులోంచి వచ్చే ఆ వెలుతురు కోసమే పదకొండేళ్ళుగా ఆవిడ అక్కడ కూర్చుంటోంది. పిన్ని ఆ మాట ఎలా ఎత్తాలా అని గురువారమంతా నసిగింది. శుక్రవారం వచ్చేసరికి మిషను చీకటి మూలలో ఉంది, వెనక తలుపు బార్లా తెరిచి ఉంది.

"అక్కడ ఉక్కపోస్తోందిలే అమ్మాయ్," అంది కత్తెరత్త.

ఇక గోడమీద పెట్టాలి. ముద్ర ఉన్నవైపు కనిపిస్తే బొమ్మలు గోడకు అతుక్కుపోతాయి, బొమ్మలు కనిపిస్తే నిబంధనలు మాయం. పిల్లలు తగవుకు దిగారు. చివరికి హాలుకు అడ్డంగా, మాస్టారు తలకంటే జానెడు పైన ఒక తీగ కట్టి, బట్టల క్లిప్పులతో పేజీలు వేలాడదీశారు. అటు నుంచి చూస్తే చట్టం, ఇటు నుంచి చూస్తే తిమింగలం. తొమ్మిది క్లిప్పుల్లో ఎనిమిది నిండాయి. ఎనిమిదో పేజీ క్లిప్పు ఒక్కటే ఖాళీగా ఊగుతోంది.

ఆ పేజీ తూనీగది. కాలు నిలవని పిల్లాడు, ఒకటో తరగతి. లారీ బొమ్మ వేసి నాన్నకిచ్చాడు. నాన్న లారీ డ్రైవరు. కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఆ సాయంత్రమే దూరప్రయాణం వెళ్ళాడు. నాలుగు రోజులు ఫోను చేసినా కొండల్లో అందలేదు. ఆదివారం పదకొండింటికి అతనే చేశాడు.

"జేబులోనే ఉంది పిన్నిగారూ. రోజూ చూసుకుంటున్నా. వెనకాల ఇంత రాసుందని ఇప్పుడే చూస్తున్నా."

"చదవండి."

అతను పెట్రోలు బంకు పక్కన లారీలో కూర్చుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. 'పై నిబంధనలన్నియు పిల్లలకు అర్థమగు మాటలలో తెలియజేయవలెను. తనిఖీ అధికారి సిబ్బందిని గాక, తాము ఎంచుకొనిన ఐదుగురు పిల్లలను ప్రశ్నించెదరు. వారిలో ఇద్దరు సమాధానము చెప్పలేనిచో లైసెన్సు పొడిగింపబడదు.'

గుమ్మాలు సరిచేశారు, తాళాలు వేశారు, పాల వేళ మార్చారు. పిల్లలకు మాత్రం ఎవరి పేజీ వాళ్ళకే చెప్పారు. చేపల వాణ్ణి మంటల గురించి అడిగితే ఏం చెబుతాడు? ఇంక గువ్వ సంగతేంటి? ఆరేళ్ళ గువ్వ చేరి నాలుగు నెలలైంది, హాల్లో ఒక్క మాట మాట్లాడలేదు.

"రేపు పిల్లలు మూడింటికి వస్తారు, నాలుగింటికి కదా తనిఖీ," అన్నారు మాస్టారు, ఆమె ఫోను చేస్తే. "గంటుందమ్మా. గంటలో నేను రెండొందల మందికి కవాతు నేర్పాను."

ఆ గంట వాళ్ళకు దక్కలేదు. సోమవారం మూడుంపావుకే షట్టరు ముందు కారు ఆగింది. పిల్లల మూతుల మీద పాలమీసాలు ఇంకా ఆరలేదు. కారులోంచి దిగినావిడ సన్నగా, నిటారుగా ఉంది. చంకలో ఫైలు, జేబుకు ఎర్రపెన్ను. నేరుగా లోపలికి రాబోయింది.

గుమ్మంలో స్టూలు వేసుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని సందేహం కూర్చునుంది. "సంతకం పెట్టండి. టైము కూడా వెయ్యండి."

"నేనెవరో తెలుసా పాపా?"

"తెలీదు. అందుకేగా సంతకం."

లోపల పిన్నికి పై ప్రాణం పైనే పోయింది. ఎర్రపెన్ను మేడం ఆ పిల్లను పైనుంచి కిందికి చూసి, జేబులోని పెన్ను తీసి సంతకం పెట్టింది. సందేహం టైము సరిచూసుకుని స్టూలు పక్కకు జరిపింది.

మేడం హాలంతా తిరిగింది. మందుల పెట్టె తాళం లాగి చూసింది. ఫినాయిలు సీసా ఎంత ఎత్తులో ఉందో చూసింది. వెనక తలుపు తీసి, సందులోకి పది అడుగులు నడిచి వచ్చింది. ప్రతిచోటా ఎర్రపెన్ను ఏదో గీసింది. టిక్కో, కొట్టివేతో దూరానికి తెలియలేదు. చివరికి తీగ దగ్గర ఆగింది.

"ఎనిమిది ఏది?"

పిన్ని నోరు తెరిచేలోగా తూనీగ వచ్చి ముందు నిలబడ్డాడు. "మా నాన్న జేబులో ఉంది. నాన్న సాయంత్రం వస్తాడు. అందులో ఏముందో ఫోన్లో చదివి చెప్పాడు, కావాలంటే నేను చెబుతా. మీరు పిన్నిని అడక్కూడదు. మమ్మల్నే అడగాలి."

మేడం పెదవి ఒక పక్కకు కాస్త కదిలింది. అది కోపమో మరొకటో పిన్నికి అంతుబట్టలేదు. "సరే, అలాగే అడుగుతాను," అంది.

మొదట చేపల వాణ్ణి పిలిచి, మంటల గురించే అడిగింది. పిన్ని కళ్ళు మూసుకుంది.

"అది మా పేజీ కాదండి, వాళ్ళది," అన్నాడు వాడు నాలుగో పేజీ వాళ్ళను చూపించి. "అంత గొప్పదేం కాదు. రెండు తలుపులు, మూడు నిమిషాలు, సంచులు తీసుకోకూడదు, అంతే. మా పేజీలో ఇంకా చాలా ఉంది."

"ఏం కాదు, మాదే ముఖ్యం," అని నాలుగో పేజీ వాళ్ళు లేచారు.

పిన్ని కళ్ళు తెరిచింది. నాలుగు రోజులుగా ఈ హాల్లో మోగిపోతున్న గోల ఇదన్నమాట. ఎవరి పేజీ గొప్పదని కొట్టుకుంటుంటే తను గదమాయిస్తూ వచ్చింది. ఒకళ్ళ పేజీని తీసిపారెయ్యాలంటే ముందు దాన్లో ఏముందో తెలియాలి కదా. తను ఎవరికీ నేర్పలేదు. వాళ్ళే ఒకళ్ళకొకళ్ళు తిట్టుకుంటూ నేర్పుకున్నారు.

రెండో పిల్ల చేతులు కడుక్కోవడం గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పింది. మూడోవాడు మాత్రం తడబడ్డాడు. ఒక పెద్దమనిషికి ఎంతమంది పిల్లలంటే పదహారన్నాడు. ఎర్రపెన్ను కదిలింది. నాలుగో పిల్లాడు గుమ్మం లెక్క చెప్పి గట్టెక్కాడు. ఒకటి తప్పింది, ఇంకొకటి తప్పితే హాలు పోతుంది.

"ఆ మూల కూర్చున్న పాప," అంది మేడం.

గువ్వ. ఆ పిల్ల మాట్లాడదని చెప్పబోయి పిన్ని ఆగిపోయింది. అడిగేది పిల్లల్నే తప్ప సిబ్బందిని కాదని ఎనిమిదో పేజీలో ఉంది.

మేడం మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా అడిగింది. "నీకు జ్వరమొచ్చిందనుకో. మందు ఎక్కణ్ణుంచి తీస్తారమ్మా?"

గువ్వ చూస్తూ ఉండిపోయింది. ముప్పై ముగ్గురు పిల్లలు ఊపిరి బిగబట్టారు. గువ్వ లేచింది. గోడవారగా నడిచి వెళ్ళి మందుల పెట్టె మీద చెయ్యి వేసింది. తాళం లాగి, రావట్లేదని చూపించింది. తర్వాత కత్తెరత్త దగ్గరికి వెళ్ళి, కొంగు పట్టి కిందికి వంచి, టేపు పక్కనున్న దారం బయటికి లాగి తాళంచెవి పైకెత్తింది. మేడం ఇంకా ఎదురుచూస్తోంది.

"చిట్టీ కావాలి," అంది గువ్వ. గొంతు సన్నగా ఉన్నా మాట గట్టిగా ఉంది. "అమ్మ రాయాలి."

పిన్నికి కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. దారానికి కట్టిన తాళంచెవిని ఇన్నేళ్ళూ ఆమె ఒంటరితనం అనుకుంది. ఈ పిల్ల దాన్ని పట్టుకుని ముప్పై నలుగురిని కాపాడింది.

మేడం లేచి, చేతిగడియారం చూసుకుంది. "మంటలు," అంది, ఏదో టీ కావాలన్నంత మామూలుగా.

మాస్టారి విజిలు మోగింది. సంచులు కొక్కేలకే ఉన్నాయి, గ్లాసులు బల్లల మీదే ఉన్నాయి. సగంమంది షట్టరు వైపు, సగంమంది వెనక సందు వైపు. గుమ్మాల్లో పిన్నీ కత్తెరత్తా తలలు లెక్కపెట్టారు. ఒకటిన్నర నిమిషంలో అందరూ రోడ్డవతల చెట్టుకింద వరసల్లో ఉన్నారు. మాస్టారు కవాతు మైదానంలో నిలబడ్డట్టు గుండెలు విరిచారు.

"ముప్పై నలుగురు పిల్లలు, ముగ్గురు పెద్దలు. సరిపోయింది," అన్నారు.

"సరిపోలేదు," అంది సందేహం. పుస్తకం మాత్రం వదల్లేదు, చంకలో పెట్టుకునే పరిగెత్తింది. "ఒకళ్ళు తక్కువ. సంతకం పెట్టినవాళ్ళందరూ బయట ఉండాలి. ఆవిడ లోపలే ఉన్నారు."

నిజమే. మేడం హాలు మధ్యలో నిలబడి గడియారం చూస్తూ ఏదో రాసుకుంటోంది.

"ఆవిడ తనిఖీ చేసేవారమ్మా," అన్నారు మాస్టారు.

"ఎవరైనా సరే అని ఉంది. పిన్ని చదివింది." సందేహం రోడ్డవతల నుంచే గొంతెత్తింది. "మేడంగారూ, మీరు కాలిపోతున్నారు. రండి. మీ వల్ల మా టైము అయిపోతోంది."

ముప్పై నలుగురూ అందుకున్నారు. "రండి, రండి, రండి." దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఎర్రపెన్ను మేడం తలెత్తింది, గడియారం చూసుకుంది, అంతే. ఫైలు గుండెలకు హత్తుకుని, ఒక చెప్పు జారుతుంటే వేళ్ళతో ఈడ్చుకుంటూ, పరుగెత్తుకుంటూ వచ్చి వరస చివర నిలబడింది. రొప్పుతోంది. మాస్టారు గడియారం చూశారు. రెండు నిమిషాల యాభై సెకన్లు.

"ఇప్పుడు సరిపోయింది," అంది సందేహం.

లోపలికి వచ్చాక మేడం చిన్నపిల్లల కుర్చీలో కూర్చుని, పిన్ని ఇచ్చిన మంచినీళ్ళు గ్లాసు ఖాళీ చేసింది. ఫైలు తెరిచి, తీగ వైపు చూసింది.

"ఇవి రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను," అంది. "రెండేళ్ళు కూర్చున్నాం. ఆ ఎనిమిదో పేజీ వద్దన్నారు అందరూ. పిల్లల్ని అడగడమేంటన్నారు. నేనే పట్టుబట్టాను. మొదట మూయించిన చోట మా కాపీ బీరువాలో ఉంది. కవరు కూడా చింపలేదు. రెండోచోట చింపారు, అంతవరకే. చదివినవాళ్ళు ఇవాళ తగిలారు." లేచి, చెయ్యెత్తి, ఇస్త్రీ మడతలున్న నాలుగో పేజీని వేలితో ముట్టుకుంది. "ఆరోదానికి ఈ కుట్లేంటి?"

"చేపలండి," అంది కత్తెరత్త తలవంచుకుని. "తప్పు నాదే. కాగితం బాగుందని బుట్టలో వేశాను. మా మరదలికేం తెలీదు."

మేడం నవ్వింది. అలాంటి మనిషికి నవ్వు ఉంటుందని ఎవరూ అనుకోరు గాని, చక్కటి నవ్వు. "నన్నడిగితే, అన్ని కేంద్రాలకీ మిమ్మల్నే పంపాలి కాగితాలు పంచడానికి," అంది. ఫైలులోంచి ఒక దళసరి కాగితం తీసి, పిన్ని అసలు పేరు రాసి, సంతకం పెట్టి, ముద్ర గుద్దింది. మూడేళ్ళ లైసెన్సు. పిల్లలకేం అర్థమైందో గాని పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. గువ్వ కూడా అరిచింది. మాస్టారు విజిలు ఊదారు, ఆపడానికి కాదు, ఊరికే. కత్తెరత్త మూలకెళ్ళి మిషను మీద తల పెట్టుకుని తనివితీరా ఏడ్చింది. నలుగురు పిల్లలు వెళ్ళి ఎందుకని అడిగారు.

మేడం వెళ్తూ గుమ్మంలో తనంతట తానే ఆగి, వెళ్ళిన టైము వేసి సంతకం పెట్టింది.

ఆరుంపావుకి సందు చివర లారీ ఆగింది. తూనీగ నాన్న పుస్తకంలో సంతకం పెట్టి, చొక్కా జేబులోంచి చెమటకు మెత్తబడ్డ కాగితం తీసి, ఖాళీ క్లిప్పుకు తగిలించాడు. తొమ్మిదీ నిండాయి. ఆయన కొడుకును భుజానికెక్కించుకుని, తన లారీ బొమ్మ తీగ మీద ఊగుతుంటే చూస్తూ నిలబడ్డాడు.

పిన్ని చేతిలో లైసెన్సు ఇంకా అలాగే ఉంది. తిప్పి చూసింది. దళసరిగా, తెల్లగా, వెనకంతా ఖాళీ. పక్కన కత్తెరత్త కూడా అదే చూస్తోంది. ఈసారి ఆవిడ చెయ్యి కదలలేదు, రెండు చేతులూ గట్టిగా వెనక్కి కట్టుకుంది.

"చట్టం చట్టమే కదా వదినా," అంది పిన్ని. లైసెన్సు తీసుకెళ్ళి సందేహం ముందు పెట్టింది. "దీని మీద నువ్వు వెయ్యి."

"ఎందుకు?" అంది సందేహం అలవాటుగా, అప్పటికే ఎర్ర రంగు పెన్సిలు వెతుక్కుంటూ.

ఇప్పుడు ఆ తీగకు పదో క్లిప్పు ఉంది. అటు నుంచి చూస్తే ముద్ర, సంతకం, పిన్ని అసలు పేరు. ఇటు నుంచి చూస్తే ఫైలు గుండెలకు హత్తుకుని, ఒక కాలికి చెప్పు జారుతూ, నోరంతా తెరిచి పరుగెత్తుకొస్తున్న ఒకావిడ. మళ్ళీ తనిఖీకి వచ్చినప్పుడు మేడం ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, తన జుట్టు మరీ అంత పొట్టిగా ఉండదని మాత్రం అంది.